ఎండుటాకుల నడుమ ఒక కొత్త జాతి

అమరసింహుడు తన కోశంలో ఒక్కొక్క వస్తువుకు లోకంలో ఎన్ని పేర్లున్నాయో ఏరి కూర్చాడు. సింహాది వర్గంలో మృగరాజుతో పాటు సాలెపురుగు, తుమ్మెద, శలభం వంటి అల్పప్రాణుల పేర్లు కూడా చోటు చేసుకున్నాయి. కవికి పర్యాయపదాలు సంపద. గణం కుదరని చోట ఒక పేరు తొలగి మరొక పేరు వచ్చి కూర్చుంటుంది. జంతుశాస్త్రంలో స్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ ఒక ప్రాణికి ఒక్క పేరే చెల్లుతుంది. రెండవ పేరు ఉన్నదంటే, ఎవరో ఎక్కడో ఒకే ప్రాణిని రెండుగా భ్రమించారని అర్థం. ఆ భ్రమ ఎలా కలుగుతుందో, దానిని తప్పించుకోవడానికి శాస్త్రజ్ఞుడు ఎంతటి జాగ్రత్త వహిస్తాడో తెలుసుకోవడానికి ఏనుగునో పులినో ఎంచుకోనవసరం లేదు. తోటలో రాలిన ఎండుటాకును తిరగేస్తే కనిపించే పురుగు చాలు. దాని పొడవు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు.

ఆ పురుగు బంధువులు తెలుగు రైతుకు కొత్తవి కావు. మిరప ఆకులు అంచులు పైకి ముడుచుకొని దోనెలవలె మారితే, అది తామర పురుగు చేసిన పని అని రైతు గుర్తిస్తాడు. ఆంగ్లంలో ఈ పురుగును త్రిప్స్ అంటారు. ఒక్క పురుగైనా త్రిప్సే, వేయి పురుగులైనా త్రిప్సే. ఏకవచన బహువచనాల భేదం లేని ఈ మాట గ్రీకు భాషలో కొయ్యను తొలిచే పురుగును తెలిపేది. లిన్నేయస్ 1758లో దానిని ప్రజాతి నామంగా స్వీకరించాడు. 1836లో హాలిడే ఈ పురుగులన్నింటికీ థైసనాప్టెరా అనే క్రమాన్ని ఏర్పరచాడు. కుచ్చు అంచుల రెక్కలు గలవి అని ఆ మాటకు అర్థం. సన్నని పుల్లవంటి రెక్కకు ఇరువైపులా పొడవైన వెంట్రుకలు బారులు తీరి ఉండటమే ఆ పేరుకు కారణం. ప్రపంచంలో ఇంతవరకు వర్ణితమైన తామర పురుగుల జాతులు ఆరువేలకు పైబడినవి. 2016లో ప్రచురితమైన ఒక పట్టిక భారతదేశంలో 739 జాతులను లెక్కించింది.

వీటిలో పంటకు కీడు చేసేవి బహు స్వల్పం. తక్కినవి మనుష్యుని కంటపడకుండానే జీవిస్తాయి. ఫ్లియోథ్రిపిడే అనే కుటుంబంలో మూడున్నర వేలకు పైగా జాతులున్నాయి. వాటిలో సుమారు సగం పచ్చని మొక్కను ముట్టవు. ఎండిన కొమ్మల మీద, రాలిన ఆకుల పొరలో పెరిగే బూజే వాటికి ఆహారం. ఈ కుటుంబంలోని పురుగుకు ఉదరం చివరి ఖండం గొట్టంలా సాగి ఉంటుంది. తామర పురుగులన్నింటికీ ఉన్న మరొక విచిత్రం నోటిలో ఉన్నది. కీటకాలకు సాధారణంగా కుడియెడమల రెండు హనువులుంటాయి. తామర పురుగుకు ఎడమ హనువు ఒక్కటే ఉంటుంది. కుడి హనువు పిండదశలోనే క్షీణించిపోతుంది. ఉన్న ఒక్క హనువుతో రంధ్రం చేసి, సూదులవంటి రెండు అవయవాలను జతచేర్చి గొట్టంగా మలచి ఆహారాన్ని పీలుస్తుంది. ఆ సూదుల వెడల్పే పురుగు భోజనాన్ని నిర్ణయిస్తుంది. అవి రెండు మూడు మైక్రాన్ల వెడల్పు మాత్రమే ఉంటే పురుగు బూజుపోగులలోని రసాన్ని పీలుస్తుంది. ఐదు మొదలు పది మైక్రాన్ల వరకు ఉంటే బూజు సిద్ధబీజాలను గింజలవలె మొత్తంగా మింగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇంతటి సూక్ష్మమైన కొలత మీద ఒక ప్రాణి జీవనవిధానం ఆధారపడి ఉండటం ఆలోచించదగిన విషయం.

ఇటువంటి పురుగు ఇంతకుముందు ఎవరూ వర్ణించనిది దొరికిందనుకుందాం. దానిని లోకానికి తెలియజేయడం ఒక్కనాటి పని కాదు.

మొదటిది సేకరణ. ఎండుటాకులను తెల్లని పళ్ళెం మీద దులిపి, కదిలే పురుగులను తడి కుంచె కొనతో ఎత్తి మద్యసారంలో వేయడం ఒక పద్ధతి. ఇటలీకి చెందిన బెర్లీస్ 1905లో గరాటు పద్ధతిని ప్రవేశపెట్టాడు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు టుల్‌గ్రెన్ 1918లో దానికి దీపాన్ని జోడించాడు. గరాటులో జల్లెడ అమర్చి దాని మీద ఆకుల చెత్తను పరుస్తారు. పైన దీపం వెలుగుతుంది. చెత్త పైనుంచి కిందికి ఆరుతూ వస్తుంటే, వెలుతురును, వేడిని, పొడిదనాన్ని ఓర్వలేని ప్రాణులు తేమను వెతుక్కుంటూ కిందికి దిగి, చివరకు గరాటు కొన కింద ఉంచిన సీసాలో పడతాయి. దీపం మరీ తీక్షణమైతే మెత్తని శరీరం గల పురుగులు దిగిరాకముందే చెత్తలోనే మాడిపోతాయి. అందువల్ల తొందర ఇక్కడ పనికిరాదు. సీసాలో వేసే చీటీ మీద స్థలం, తేదీ, సేకరించినవారి పేరుతో పాటు ఆకులు ఏ చెట్టువో కూడా రాయాలి. చీటీ లేని పురుగు ఎంత అపురూపమైనదైనా, కర్తృకాలాదులు తెలియని చాటుపద్యం వంటిదే. సభలో చదవడానికి బాగుంటుంది, చరిత్ర రాయడానికి పనికిరాదు.

తరువాతి పని గాజు పలక సిద్ధం చేయడం. నల్లని పురుగును ఉన్నదున్నట్లు సూక్ష్మదర్శిని కింద ఉంచితే నల్లని మచ్చ తప్ప మరేమీ కనిపించదు. అందుచేత పురుగును పలుచని క్షారద్రావణంలో నానబెట్టి లోపలి మాంసాన్ని కరగించి, పారదర్శకమైన పైకవచాన్ని మిగులుస్తారు. క్రమక్రమంగా గాఢత పెంచిన మద్యసారాలలో ముంచి నీటిని తొలగిస్తారు. లవంగ నూనెలో కొద్దిసేపు ఉంచి, కెనడా బాల్సమ్ అనే చెట్టు బంకలో అమర్చి పైన పలుచని గాజుబిళ్ళ కప్పుతారు. అంతకుముందే సన్నని సూదితో కాళ్ళను చాపాలి, రెక్కలుంటే విప్పాలి, స్పర్శశృంగాలను తిన్నగా నిలపాలి. స్పర్శశృంగం మడతపడితే దాని ఖండాలను లెక్కించలేరు. అప్పుడు చేసిన శ్రమంతా వృథా. పలక నలభై డిగ్రీల దరిదాపుల వెచ్చదనంలో కొన్ని వారాలు ఆరాలి. ఇందులో మరొక చిక్కు ఉన్నది. డి.ఎన్.ఏ. పరీక్షకు పురుగును గాఢమైన మద్యసారంలో నిలవ చేయడం మేలు. అయితే ఆ గాఢతకు శరీరం బిర్రబిగిసి కాళ్ళు చాపడానికి లొంగదు. రెండు ప్రయోజనాలను ఒకే సీసాతో సాధించడం కష్టమని పని చేసినవారికి అనుభవమే నేర్పుతుంది.

పలక ఆరిన తరువాత అసలు పని మొదలవుతుంది. అది లక్షణ నిర్దేశం.

భారతీయ తర్కశాస్త్రం లక్షణానికి గట్టి నిబంధన విధించింది. ఒక వస్తువుకు మాత్రమే ఉండి, దాని జాతి అంతటా వ్యాపించి, ఇతరాలకు లేని ధర్మమే లక్షణం. ఇది తప్పితే మూడు దోషాలు సంభవిస్తాయి. గోవుకు కపిలవర్ణం లక్షణమని చెబితే తెల్లని ఆవులు విడిపోతాయి. ఇది అవ్యాప్తి. కొమ్ములుండటం లక్షణమంటే గేదె కూడా గోవు అవుతుంది. ఇది అతివ్యాప్తి. చీలని గిట్ట లక్షణమంటే ఏ ఆవుకూ అది వర్తించదు. ఇది అసంభవం. ఈ ఉదాహరణలు తర్కం చదివే బాలురకు నేర్పేవి. వీటిని ఎండుటాకుల పురుగుకు అన్వయించి చూస్తే ఎంతో ఉచితంగా కుదురుతాయి. కొత్త జాతికి నలుపు రంగు లక్షణమని రాస్తే అతివ్యాప్తి. అదే చెత్తలో నల్లని జాతులు పది ఉండవచ్చు. రెక్కలుండటం లక్షణమంటే అవ్యాప్తి. ఒకే జాతిలో రెక్కలు గలవి, లేనివి రెండూ పుడతాయి. రెండు హనువులు లక్షణమంటే అసంభవం.

కనుక వర్ణన చేసేవాడు కొట్టొచ్చినట్లు కనిపించే వాటిని విడిచి, స్థిరమైన వాటిని వెతుకుతాడు. స్పర్శశృంగం మూడవ, నాలుగవ ఖండాల మీద వాసనను పసిగట్టే సూక్ష్మ శంకువులు ఎన్ని ఉన్నాయి? నోటి సూదులు తలలోకి ఎంత లోతుకు పోయాయి, వాటి నడుమ ఎడం ఎంత? వక్షం ముందు భాగం మీది శూకాలు మొనదేలి ఉన్నాయా, మొద్దుబారి ఉన్నాయా? ఉదరం మొదటి ఖండం మీద పెల్టా అనే చిన్న ఫలకం ఉంటుంది. గ్రీకు భాషలో ఆ మాటకు చిన్న డాలు అని అర్థం. అది త్రికోణమా, గంట ఆకారమా? గొట్టం పొడవు తల పొడవుతో పోలిస్తే ఎంత? ఇవన్నీ మైక్రాన్లలో కొలిచి, దగ్గరి జాతుల కొలతలతో సరిచూడాలి. అవి ఎక్కడెక్కడి గ్రంథాలలోనో ఉంటాయి. బాగ్నల్ అనే ఆంగ్లేయుడు వర్ణించిన భారతీయ జాతుల పలకలు లండన్ ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నాయి. అతని కాలంలోని వర్ణనలు కొన్ని మరీ క్లుప్తమైనవి కావడంతో, చదివి గుర్తించడం సాధ్యంకాక పలకనే చూడవలసి వస్తుంది.

ఇంత జాగ్రత్త పడినా పొరబాటుకు పెద్ద ద్వారం ఒకటి తెరిచే ఉంటుంది. అది మగపురుగు.

తామర పురుగులలో ఫలదీకరణం చెందని గుడ్డు నుంచి మగది పుడుతుంది. అంటే దానికి తల్లి ఉన్నది, తండ్రి లేడు. బూజు తినే జాతులు అనేకం ఎండిన ఆకుల మీద గుంపులుగా జీవిస్తాయి. ఆడవాటికోసం మగవి పోరాడుతాయి. బాగా ఎదిగిన మగదాని ముందుకాళ్ళ తొడలు ఉబ్బి, కొన్ని జాతులలో కొమ్ములవంటి బుడిపెలతో భయంకరంగా ఉంటాయి. అదే గుంపులోని చిన్న మగది సన్నని కాళ్ళతో ఆడదానినే పోలి ఉంటుంది. శరీరం కొద్దిగా పెరిగితే ముందుకాలు మరెంతో పెరగడం దీనికి హేతువు. ఈ రెండింటినీ వేరువేరు చోట్ల ఒక్కొక్కటిగా చూసినవాడు వాటిని ఒకే జాతి అని ఊహించలేడు. పూర్వపు శాస్త్రజ్ఞులు ఇటువంటి మగపురుగులకు వేరువేరు పేర్లు పెట్టారు. వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. వారి చేతికి అందినవి ఒకటో రెండో ఎండిన పురుగులు, దూరదేశం నుంచి వచ్చిన చిన్న సీసాలు.

ఈ చిక్కును విప్పినవారిలో టి.ఎన్. అనంతకృష్ణన్ ముఖ్యుడు. 1925లో జన్మించి 2015లో మరణించిన ఈ తమిళనాటి శాస్త్రజ్ఞుడు మద్రాసు లయోలా కళాశాలలో కీటకశాస్త్ర పరిశోధన సంస్థను నెలకొల్పాడు. భారతీయ జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధిపతిగా కూడా పనిచేశాడు. 1969లో వెలువడిన ఆయన గ్రంథం భారతదేశపు తామర పురుగులకు ఆధారగ్రంథమైంది. ఆయన ఒంటరి పురుగును కాక గుంపును చూశాడు. తాటిచెట్టుకు వేలాడే ఎండుటాకుల మీద టియారోథ్రిప్స్ సుబ్రమణియై అనే జాతి జీవిస్తుంది. కోయంబత్తూరులో పనిచేసిన టి.వి. రామకృష్ణ అయ్యర్ పేరు పెట్టిన జాతి ఇది. తామర పురుగులలో పెద్దది. ఇటువంటి జాతుల గుంపును మొత్తంగా సేకరించి వరుసలో నిలిపితే, అతి బలిష్ఠమైన మగదానికీ, ఆడదానివలె కనిపించే మగదానికీ నడుమ మెట్లు మెట్లుగా అన్ని పరిమాణాలూ కనిపిస్తాయి. ఎక్కడా గీత గీయడానికి వీలుండదు. గీత గీయలేని చోట రెండు పేర్లు నిలవవు.

తాటాకు అన్న మాట వినగానే తెలుగువారికి పురుగు గుర్తుకు రాదు, గ్రంథం గుర్తుకు వస్తుంది. పోలిక అక్కడితో ఆగదు. సి.పి. బ్రౌన్ పందొమ్మిదవ శతాబ్దిలో ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పాఠాంతరాలను సరిచూపించి శుద్ధప్రతులు రాయించాడు. ఒక్క ప్రతినే నమ్ముకున్న పరిష్కర్త లేఖకుని చేతిదోషాన్ని కవిప్రయోగంగా పొరబడతాడు. ఒక్క పురుగునే నమ్ముకున్న శాస్త్రజ్ఞుని స్థితీ అదే. ఆ పురుగుకు ఉన్న అదనపు శంకువు జాతి లక్షణమో, ఆ ఒక్కదాని వైకల్యమో ఎవరు చెప్పగలరు?

అయితే ఆకుల చెత్తలో బతికే జాతులు చాలావరకు ఒకటి రెండు ప్రతులే దొరుకుతాయి. మరిన్ని దొరికే దాకా వేచి ఉండాలా, దొరికిన దానితోనే పేరు పెట్టాలా అన్నది ఈ రంగంలో నిత్యం ఎదురయ్యే ధర్మసంకటం. వేచి ఉంటే ఆ అడవి ఉండకపోవచ్చు. తొందరపడితే మరొక పర్యాయపదం పుట్టవచ్చు. ఆడ, మగ రెండూ చేతికందే వరకు ఆగడమే సాధారణంగా క్షేమం. ఒక్క ప్రతితోనే సాహసించేవారు తమ వద్ద ఉన్నది ఒక్కటేనని దాచకుండా రాయాలి. 2003లో ప్రతిపాదితమైన డి.ఎన్.ఏ. బార్‌కోడు పద్ధతి కొంత ఊరటనిచ్చింది. ఒక జన్యువులోని 658 అక్షరాల వరుసను పోల్చి, పెద్ద మగది, చిన్న మగది, ఆడది ఒకే జాతివని నిర్ధారించడం ఇప్పుడు సులభం. కవచం చెడకుండా డి.ఎన్.ఏ. తీసి, అదే పురుగును పలకకు ఎక్కించే వీలు కూడా ఉన్నది. నూరేళ్ళనాటి బాల్సమ్ పలకలలోని పురుగుల నుంచి ఆ వరుసను రాబట్టడం మాత్రం దుస్సాధ్యం. పాతపేరుకు కొత్తపురుగుకు సంబంధం తేల్చవలసి వచ్చినప్పుడు మళ్ళీ శూకాలను లెక్కించడమే గతి.

పేరు తప్పితే కలిగే నష్టం గ్రంథాలకే పరిమితం కాదు. ఆంధ్రదేశంలో వేరుశనగ పైరును పీడించిన మొవ్వుకుళ్ళు తెగులు ఇందుకు నిదర్శనం. ఆ తెగులు కలిగించే వైరస్‌ను తామర పురుగులు మోసుకొస్తాయి. పురుగు పిల్లదశలో ఆ వైరస్‌ను గ్రహించి, పెద్దదయ్యాక మొక్క నుంచి మొక్కకు అంటిస్తుంది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు 1980ల తొలినాళ్ళలో సిర్టోథ్రిప్స్ డార్సాలిస్, ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జియై అనే జాతులు వాహకాలని తెలిపారు. 1990 నాటికి చేలలోని పురుగులను మళ్ళీ నిశితంగా పరిశీలించగా ప్రధాన వాహకం థ్రిప్స్ పామి అనే మరొక జాతి అని తేలింది. ఫ్రాంక్లినియెల్లా స్పర్శశృంగంలో ఎనిమిది ఖండాలుంటాయి, థ్రిప్స్ పామికి ఏడే ఉంటాయి. ఏ పురుగు ఏ కలుపుమొక్క మీద పెరుగుతుందో, ఎప్పుడు చేలోకి వస్తుందో తెలిస్తేనే విత్తే కాలాన్ని, మందును నిర్ణయించగలరు. పురుగు మారితే ఆ లెక్కలన్నీ మారతాయి. 2021లో ఆంధ్ర, తెలంగాణ మిరప చేలమీద నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు కూడా, అది అంతవరకు మిరపను పీడిస్తూ వచ్చిన పురుగు కాదని, 2015లో బెంగుళూరు ప్రాంతంలో బొప్పాయి మీద తొలిసారి కనిపించిన థ్రిప్స్ పార్విస్పైనస్ అని చెప్పగలిగినవారు ఇటువంటి పలకలతో కళ్ళు అరగదీసుకున్నవారే. ఎండుటాకుల పురుగు ఏ చేనుకూ హాని చేయదు. దానిని గుర్తించే కన్నూ, చేనును కాపాడే కన్నూ వేరు కావు.

లక్షణం కుదిరిన తరువాత నామకరణం. దీనికి అంతర్జాతీయ నియమావళి ఉన్నది. ఇప్పటి నాలుగవ కూర్పు 2000 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. పేరు రెండు పదాలది: మొదటిది ప్రజాతి, రెండవది జాతి. రెండవ పదం విశేషణమైతే అది మొదటిదాని లింగాన్ని అనుసరించాలి. సంస్కృతంలో విశేషణ విశేష్యాలకు సమానలింగం ఉండాలన్న నియమం చదివినవారికి ఇది వింతగా తోచదు. పేరు దొరికిన ఊరిని బట్టి గాని, ఆకారాన్ని బట్టి గాని, ఒక వ్యక్తి గౌరవార్థం గాని ఉండవచ్చు. పెట్టినవాడు తన పేరే పెట్టుకోవడాన్ని ఏ నియమమూ నిషేధించలేదు, మర్యాద నిషేధించింది. ఒకే జాతికి రెండు పేర్లు పడితే ముందు ప్రచురితమైనదే నిలుస్తుంది. 2012లో చేసిన సవరణ ప్రకారం, నమోదు మొదలైన నియమాలు పాటించి కేవలం ఎలక్ట్రానిక్ రూపంలో వెలువడిన ప్రచురణ కూడా చెల్లుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం మరొకటి. 2000 నుంచి కొత్త జాతికి పేరు పెట్టేవారు ఆ పేరుకు ఆధారమైన ప్రతి ఏదో స్పష్టంగా చెప్పాలి. అలా ఎంచిన ఒక్క ప్రతిని హోలోటైప్ అంటారు. అది జాతిలోకెల్లా అందమైనదో, సగటుదో కానవసరం లేదు. పేరు దానిని అంటిపెట్టుకొని ఉంటుంది, అంతే. వర్ణనలో రాసిన వాక్యాలు తప్పని తేలవచ్చు, చిత్రం వంకరపోవచ్చు. పేరు ఎవరిదన్న వివాదం వచ్చినప్పుడు తీర్పు చెప్పేది ఆ పలక. తోడుగా పరిశీలించిన తక్కిన ప్రతులు పారాటైపులు. భారతదేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్తగా కనుగొన్న జాతిని నిర్దేశిత సంస్థకు తెలియజేసి నమూనాలను అప్పగించాలి. జంతువుల విషయంలో అటువంటి సంస్థలలో ప్రధానమైనది 1916లో ఏర్పడిన భారతీయ జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ. దాని కేంద్రం కోల్‌కతాలో ఉన్నది.

అక్కడ అరలలో పలకలను నిలువుగా కాక పరుండబెట్టి ఉంచుతారు. నిలబెడితే బాల్సమ్ ఏళ్ళు గడిచేకొద్దీ మెల్లగా జారి, పురుగు అంచుకు చేరే ప్రమాదం ఉన్నది. పలక మీద ఒక చీటీలో జాతి పేరు, ఆడదో మగదో తెలిపే గుర్తు ఉంటాయి. మరొక చీటీలో ఏ చెట్టు ఆకులో, ఏ ఊరో, ఏ తేదీయో ఉంటాయి. యాభై ఏళ్ళ తరువాత మరొక అడవిలో, మరొక గరాటు కింది సీసాలో, దాదాపు ఇటువంటిదే అయిన పురుగు ఒకటి పడుతుంది. తేడా ఒక్క శంకువులోనే ఉంటుంది. అప్పుడు ఆ పరిశోధకుడు కోల్‌కతాకు వస్తాడు. పలకను అరలోనుంచి బయటికి తీయిస్తాడు, సూక్ష్మదర్శిని కింద ఉంచి, స్పర్శశృంగం మూడవ ఖండం మీది శంకువులను మొదటినుంచి లెక్కపెడతాడు.